ఆరోగ్యవరం చెప్పే మాట

మా తండాల్లో క్షయ పేరు ఎవరూ పైకి పలకరు. ‘దగ్గు జబ్బు’ అని ఊరుకుంటారు. జబ్బు మనిషికి గ్లాసు, పళ్ళెం వేరే పెడతారు. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో అయితే డాక్టరు చీటీ కూడా దాచేస్తారు. ఈ భయం పోవాలంటే మన పక్కనే ఉన్న ఆరోగ్యవరం చరిత్ర తెలుసుకోవాలి.

1912లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లెలో క్షయ ఆసుపత్రి మొదలుపెట్టాయి. మిషన్లన్నీ కలిసి నడిపినది కాబట్టి దాన్ని యూనియన్ మిషన్ శానటోరియం అన్నారు. డెన్మార్కు దేశపు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి పెద్ద. 1915లో అది ఊరి బయట సొంత చోటుకు మారింది. ఆ చోటే ఆరోగ్యవరం.

క్షయ ఒక క్రిమి వల్ల వస్తుందని 1882లోనే రాబర్ట్ కాక్ చెప్పాడు. కానీ దాన్ని చంపే మందు మాత్రం 1940ల దాకా రాలేదు. అందాకా మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక, ఒక్కోసారి ఆపరేషను, ఇవే వైద్యం. ఏ రోజు కూలి ఆ రోజు తినే మనిషి నెలల తరబడి పడుకోగలడా?

ఆ ఆసుపత్రి గొప్పతనం మాకు ఇంకొకచోట కనిపిస్తుంది. రోగి వస్తాడని కూర్చోకుండా అది పల్లెల్లోకి నడిచింది. దేశంలో బీసీజీ టీకాలు మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948. తర్వాత 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెల్లో జనానికి ఎక్స్‌రేలు తీసి, జబ్బు ఎవరికుందో వెతికారు.

1959లో మద్రాసు పరిశోధన ఇంకో మంచి కబురు తెచ్చింది. ఇంట్లో ఉండి మందులు మింగినవాళ్ళకూ శానటోరియంలో ఉన్నవాళ్ళకూ జబ్బు ఇంచుమించు ఒకేలా నయమైంది. రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంటివాళ్ళకు జబ్బు ఎక్కువగానూ అంటలేదు. ఆపవలసింది దగ్గు నుంచి గాలిలోకి వచ్చే క్రిమిని. దాన్ని ఆపేది మందే. పళ్ళెం వేరుచేస్తే మనిషి మనసు విరుగుతుంది తప్ప జబ్బు ఆగదు.

ఆరోగ్యవరం ఇప్పుడు అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి. క్షయ మందులు సర్కారు దవాఖానాలో ఉచితం. తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇవ్వడం 2018లో మొదలై, 2024 నవంబరు నుంచి 1000 అయింది. మామూలు క్షయకు ఆరు నెలలు మందు మింగాలి. రెండు నెలలకే ఒంట్లో బాగుందని, బెంగళూరు పనికి పోతూ మాత్రలు ఆపేస్తే జబ్బు మొండికేస్తుంది.

అయ్యవార్లూ, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రెండు వారాలు దాటి దగ్గే మనిషి ఏ ఇంట్లో ఉన్నా గళ్ళ పరీక్షకు వెంటబెట్టుకుని పోండి. వలస పోయేవాళ్ళకు మందు చీటీ చేతికిచ్చి, పోయినచోట మందు ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని చెప్పండి. నాడు పల్లె పల్లెకూ తిరిగి వెతికింది ఆసుపత్రివాళ్ళు. నేడు మన తండాల్లో ఆ పని చేయవలసింది చదువుకున్న మనమే.