విశాఖపట్టణమున ఫ్రెంచిరాజుల వెండి

విశాఖపట్టణమునకు బోయినవారు సముద్రతీరమును, డాల్ఫిన్ నోస్ కొండను, 1933లో ప్రారంభమైన నౌకాశ్రయమును, ఉక్కు కర్మాగారమును జూచి మరలుదురు. పాతపట్టణమున కురుపాం మార్కెట్టు వీథిలో వెండిబంగారముల యంగళ్ళనడుమ నడచుచు, ఈ యూరు కొంతకాలము ఫ్రెంచివారి చేత జిక్కినదని స్మరించువా రరుదు.

1753లో నిజాము సలాబతుజంగు ఉత్తరసర్కారులను ఫ్రెంచివారి కొసంగెను. 1757 జనవరిలో బొబ్బిలికోటను ముట్టడించిన బుస్సీయే, ఆ యేటి జూనులో ఆంగ్లేయుల వర్తకస్థానమగు విశాఖను బట్టుకొనెను. మరుసటియేడు విజయనగరప్రభువు ఆనందగజపతిరాజు పిలుపుపై వచ్చిన ఆంగ్లసేన యిచ్చటనే దిగి, చందుర్తికడ ఫ్రెంచివారి నోడించెను.

అట్లగుటచే ఫ్రెంచిరాజుల వెండినాణెములను గూర్ప నెంచువారికి ఈ సీమపై మక్కువ కలుగుట సహజము. అయితే యే నాణెమును వెదకవలయును? ఆ కాలమున ఫ్రాన్సుదేశమందలి పెద్ద వెండినాణెము 'ఎక్యూ'. దానిపై నొకవైపు పదునైదవ లూయీరాజు ముఖమును, రెండవవైపు మూడు లిల్లీపూవుల డాలును గలవు. తూకము రమారమి రెండున్నర తులములు.

మన దేశపు బజారున ఆ ముఖమునకు చెలామణి లేకుండెను. అందుచే 1736లో ఆర్కాటు నవాబు అనుమతి బడసి, ఫ్రెంచివారు పుదుచ్చేరి టంకశాలలో మొగలు చక్రవర్తి పేరనే, పారసీకలిపితో, రూపాయలు ముద్రించిరి. వానిపై నెలవంక గుర్తు తప్ప ఫ్రెంచిజాడ లేదు. చిన్న వెండిఫణములపై మాత్రము కిరీటమును, లిల్లీపూవులును వెలసినవి. కోటలు గెలిచిన రాజు సయితము మన జనుల నమ్మకమును బడయుటకై తన పేరును దాచుకొనవలసెను! ఈ మాటను చెప్పునది ఆ చిన్న వెండిబిళ్ళయే.

ఇట్టి బిళ్ళలను మనము పట్టీలకై కరగించుచున్నాము. కొక్కెము లతికించి దండలు గూర్చుచున్నాము. చింతపండుతో దోమి యక్షరముల నరుగదీయుచున్నాము. ఇకనైన కంసాలి కిచ్చుటకు ముందు రెండువైపులను బరికింపుడు. తూచి చూడుడు, పాత రూపాయ యించుమించుగా నొక తులముండును. అయస్కాంతమున కంటుకొన్నది వెండి కాదు. మెత్తని గుడ్డలో విడిగా జుట్టి యుంచుడు. భూమిలో దొరకిన నిధియైనచో, 1878 నాటి చట్టము ననుసరించి కలెక్టరునకు దెలుపవలయును.

కరగిన వెండి మరల దొరకును. కరగిన యక్షరము మరల రాదు.