గాజుతొట్టెలో గాయపడ్డ నాయిక

‘ఫైండింగ్ నీమో’ చూశారు కదూ? 2003లో వచ్చి ఆస్కార్ కూడా కొట్టేసిన బొమ్మల చిత్రం. నారింజరంగు ఒంటిమీద తెల్లచారల ఆ చేపపిల్ల మనందరికీ గుర్తే. మరి అది కాపురమున్న ఇల్లో? ఆ ఇంటి పేరు సీ ఎనిమోన్. చూస్తే పువ్వు, నిజానికి జంతువు. ఎముకల్లేవు, మెదడు లేదు. తినడానికీ విసర్జించడానికీ ఒకటే నోరు! చేప హీరో అయితే, పాపం, ఇది సెట్టింగు కింద జమ. ఆ సెట్టింగు ప్రాణం కోసం నేను మూడు రాత్రులు జాగారం చేశానంటే నవ్వకండి.

ఓ శ్రావణంలో సఖినేటిపల్లిలో మా బావగారింట్లో ఉన్నాను. గోదారికి వరదొచ్చి నర్సాపురం పంటు ఆపేశారు. “చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి ఏం పోతావురా, ఉండిపో” అన్నాడు బావ. ఆయనవి రొయ్యల చెరువులు. ముందుగదిలో మాత్రం సరదాకి ఉప్పునీళ్ళ తొట్టె.

ఎనిమోన్ రాయిని కరుచుకుని కదలనట్టే ఉంటుంది గాని, చోటు నచ్చకపోతే పాదంతో పాకుతుంది. ఆ రాత్రి అలాగే పాకి, నీళ్ళు తిప్పే పంపు నోట్లో పడింది. తెల్లారి చూద్దుం గదా, వేళ్ళలాంటి స్పర్శకాలు కొన్ని తెగి తేలుతున్నాయి. పాదం ఓ పక్క చీలిపోయింది.

“పోయినట్టేనా బావా?”

“వేళ్ళు మళ్ళీ మొలుస్తాయిరా. పాదం చీలిందే, అదీ భయం. చచ్చి కుళ్ళిందంటే నీళ్ళు పాడై చేపలన్నీ పోతాయి.”

పంపు ఆపి, లాగకుండా మెల్లగా విడిపించాడు. మందూ లేదు, కట్టూ లేదు. దానిమీద చిల్లుల బుట్ట బోర్లించాం, చేప వచ్చి ఒరుసుకోకుండా. రాత్రిళ్ళు బావ చెరువుల మీదికి వెళ్ళాలి. కాపలా నాది!

“అంతర్వేది నించి బిందెడు సముద్రం నీళ్ళు తెస్తే పోలా?” అంది అత్తయ్య. వరదరోజుల్లో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర సముద్రమూ ఎర్రగోదారే. ఉప్పు తగ్గిపోతుంది, బురద కలుస్తుంది. దీనికేమో కిలో నీళ్ళకి ముప్పయ్యయిదు గ్రాముల ఉప్పు ఉండాలి. అందుకే శుద్ధిచేసిన నీళ్ళలో అక్వేరియం ఉప్పు కలిపి, రొయ్యల చెరువులో ఉప్పు చూసే మీటరుతోనే కొలిచి, రోజూ కొంచెం మార్చాం. వేడి 26 డిగ్రీలు దాటనివ్వలేదు. కరెంటు పోతే బ్యాటరీతో గాలి పట్టాం.

రెండోరాత్రి నోరు వేలాడేసింది. ఓ రొయ్యముక్క పెడదామా అని నా చెయ్యి ఒకటే దురద! “నోరు ముడుచుకునేదాకా వద్దు. అరగక లోపలే కుళ్ళుతుంది” అన్నాడు బావ ఫోన్లో. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో తిండి తయారుచేసి పెడుతుందట. కనుక పగలు లైటు చాలు. ఇక నా పని? గంటకోసారి చూడడం, నీళ్ళు వాసన చూడడం, తెగిన ముక్కలు గొట్టంతో తీసెయ్యడం.

మన సినిమాల్లో నాయికకి దెబ్బ తగిలితే హీరో చొక్కా చింపి కట్టు కడతాడు. ఇక్కడ చేతులు కట్టుకోవడమే వైద్యం! అభిమానం ఎక్కువై హీరో చొక్కా చింపేవాళ్ళకిది కష్టమైన పాత్రే.

తాకితే కందేలా ఉన్నా ఇది గట్టి ప్రాణం. స్కాట్లాండులో 1828లో జాన్ డాలియెల్ అనే ఆయన తెచ్చుకున్న ఓ ఎనిమోన్, ‘గ్రానీ’, గాజుపాత్రలో 1887 దాకా బతికింది. ఆయన పోయాక కూడా! ఎవరో ఒకరు నీళ్ళు మారుస్తూ వచ్చారు, అంతే.

మూడోరాత్రి తెల్లవారుజామున నోరు ముడుచుకుంది. పాదం రాయిని పట్టింది. నాలుగు వారాలకి బావ ఫోను: “కొత్తవేళ్ళు వస్తున్నాయిరా. బుట్ట తీశాను. చేప కాపురానికొచ్చింది.”

తొట్టె కొందామని ఉబలాటపడే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పంపుకి జాలీ, చేతికి ఓపిక ఉంటేనే కొనండి. లేదా నీమోని మరోసారి చూడండి. ఈసారి ఆ ఇంటికేసి కూడా!