ఫ్రెంచి రేవులో రెండు గంటలు

మా మామ్మ ఫ్రాన్సు చూసివచ్చిందని చిన్నతనంలో బిలాస్‌పూర్ తెలిపారాలోని నేస్తాల వద్ద గొప్పగా చెప్పుకునేవాణ్ణి. తెలిపారా అన్న పేరు తెలుగు నుంచే పుట్టిందని కూడా నా నమ్మకం. తేలీ అంటే హిందీలో నూనె గానుగవాడని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మామ్మ ఫ్రాన్సు సంగతి బోధపడడానికి అంతకన్న ఎక్కువ కాలం పట్టింది.

ఆ ఫ్రాన్సు మన యానాం. 1932లో, తొమ్మిదో ఏట, ఆమె పెళ్లి అక్కడ జరిగింది. తాతయ్యకు బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగం దొరకడం, ఆమె బిలాస్‌పూరుకు కాపురానికి రావడం తరువాతి మాట.

ఆ మధ్య అమలాపురంలో బంధువుల ఇంట శుభకార్యానికి వెళుతూ, కాకినాడ నుంచి వచ్చే బస్సు దిగి యానాంలో రెండు గంటలు ఆగాను. ఫ్రెంచి పట్టణాన్ని ఊహించుకుని వచ్చేవారికి ఇక్కడ కొంత నిరాశ తప్పదు. 19వ శతాబ్దపు కేథలిక్ చర్చి ఉన్నది. తక్కినదంతా నిండైన గోదావరి జిల్లా ఊరే. ఫ్రెంచివారు 1723లో వర్తకానికి వచ్చి, లాభం లేక 1727లో విడిచిపోయి, 1731లో తిరిగి వచ్చారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఉద్యమకారులు ఊరిని విడిపించుకున్నారు. ఆ ఏడు నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. మా ఛత్తీస్‌గఢ్ పుట్టినది కూడా, 2000లో, ఆ తేదీనే!

నన్ను నిలిపివేసినది మాత్రం నది. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరమైంది. కానీ ఆ ఒడ్డు బ్రిటిషు ఇండియా, ఈ ఒడ్డు ఫ్రెంచి ఇండియా. చట్టం గోదావరి దాటలేదు, పెళ్లివారు దాటారు. వీరేశలింగంగారు 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన గోదావరి ఇదే కదా!

రేవు మెట్లపై కూర్చున్న ఒక పెద్దాయనను ఆ పెళ్లిళ్ల గురించి అడిగాను.

“మా అమ్మ చెప్పేదండీ. ముహూర్తాల రోజుల్లో పడవలు ఆగేవి కావట. మీవాళ్లెవరైనానా బాబూ?” అన్నాడాయన.

“మా మామ్మండీ” అన్నాను. ఆ మాటను ఎప్పటిలా నవ్వుతూ అనలేకపోయాను.

ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. “ఫ్రెంచి పెళ్లికూతురా!” అని తాతయ్య పిలిస్తే మామ్మ కూడా నవ్వేది. ఒక్కసారి మాత్రం, నా పలకపై అక్షరాలు చూస్తూ, ఆనాడు తన పలకను పెళ్లికి వెంట తెచ్చుకున్నానని చెప్పింది. వారం దాటితే పంతులుగారు కోప్పడతారని భయమట. పడవ దిగే హడావిడిలో అది అందులోనే ఉండిపోయింది. తరువాత ఆమెను బడికి పంపినవారు లేరు. తాతయ్య పోయాక పింఛను కాగితాలపై ఆమె వేలిముద్ర వేయడం నేను చూశాను. సిరా అంటిన బొటనవేలిని కొంగుతో ఎంతసేపు తుడుచుకున్నదో!

అమలాపురం బస్సు వచ్చింది. 2002 నుంచి యానానికీ ఎదుర్లంకకూ మధ్య వంతెన ఉన్నది. గౌతమిని దాటడానికి నిమిషాలే పట్టింది. కిటికీ ప్రక్కన కూర్చుని, క్రింద వెళుతున్న పడవలను అవతలి ఒడ్డు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను.