నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?

మే నెలలో ఒక ఆదివారం ప్రపంచమంతటా వందల ఊళ్లలో జనం సూటు వేసుకుని, టై కట్టుకుని, పాతకాలపు తీరున్న మోటార్‌సైకిళ్ల మీద బయల్దేరతారు. డిస్టింగ్విష్డ్ జెంటిల్మన్స్ రైడ్ అంటారు దాన్ని. 2012లో సిడ్నీలో మార్క్ హవ్వా మొదలుపెట్టాడు. పోగయ్యే విరాళాలు ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకూ, మగవాళ్ల మానసిక ఆరోగ్యానికీ వెళ్తాయి. మిషిగన్‌లోని నోవైలో డాక్టరుగా ఉంటున్న నేను కూడా డెట్రాయిట్ వెళ్లి ఆ గుంపులో కలుస్తాను, పోయిన నా స్నేహితుడి పేరు మీద.

తెనాలి వాడు. కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. ఇక్కడ రోడ్ల మీద మంచూ ఉప్పూ ఉన్నన్నాళ్లూ బండి గరాజులోనే. ఎండ పడగానే గ్రాండ్ రివర్ రోడ్డు పట్టుకుని కెన్సింగ్టన్ పార్కు దాకా వెళ్లి, చెరువు గట్టున ఫ్లాస్కులో టీ తాగి వచ్చేవాళ్లం. యాభై దాటాక వాడికి నడుము నొప్పి మొదలైంది. బండి వల్లేనని సీటు మార్పించాడు, హ్యాండిల్ ఎత్తు పెంచాడు. రాత్రి పడుకున్నా తగ్గడం లేదని నాతో అన్న రోజునే నాకు భయం వేసింది. పడుకున్నా తగ్గని నొప్పిని అలసట ఖాతాలో వెయ్యకూడదు. స్కానింగులో తేలింది: ప్రోస్టేట్ క్యాన్సర్, అప్పటికే వెన్నెముకకు పాకింది.

క్యాన్సర్ డాక్టరు గదిలో వాడి పక్కనే కూర్చున్నాను. ‘మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?’ అని ఆవిడ అడిగింది. ‘ముసలితనం’ అన్నాడు. ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేస్తే వాళ్లక్క చెప్పింది. నాన్నకు మూత్రం బంద్ అయితే గొట్టం వేశారట. చివరి ఏడాది మంచం దిగలేదట. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని డాక్టర్లు అప్పుడే చెప్పారట. “పరాయి దేశంలో ఒక్కడివీ ఉన్నావు, కంగారు పడతావని చెప్పలేదురా తమ్ముడూ” అని ఏడ్చింది. ఆవిడను తప్పు పట్టలేను. ప్రేమతోనే దాచింది.

తండ్రికో సోదరుడికో ఈ క్యాన్సర్ వస్తే మనకు వచ్చే అవకాశం రెట్టింపు కన్నా ఎక్కువ. తొలి దశలో సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. అందుకే ‘మీ నాన్నగారు ఏ జబ్బుతో పోయారు?’ అని నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లందరినీ అడుగుతాను. ‘షుగరండీ’, ‘ఏమో, పెద్దవయసు’ అనే జవాబులే ఎక్కువ. ఒకాయన అలాగే అంటుంటే భార్య అందుకుంది: “మావయ్యగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది కదండీ!” వయసుతో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం వేరు, క్యాన్సర్ వేరు, మొదటిదాని వల్ల పిల్లలకు ముప్పు పెరగదు. ఏదో తేలాలంటే కాగితం కావాలి. ఆవిడే ఊళ్లో బీరువా తీయించి బయాప్సీ రిపోర్టు ఫొటో తెప్పించింది. క్యాన్సరే. ఆవిడ భర్తకు పీఎస్ఏ రక్తపరీక్ష, ఎమ్మారై, బయాప్సీ చేయిస్తే చిన్నదీ నెమ్మదిగా పెరిగేదీ దొరికింది. ఆపరేషన్ లేకుండా క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టి చూస్తున్నారు. ఆయన హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నాడు.

ఇంకొకతను తల్లి చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్‌తో పోయిన సంగతి దాటేయబోయాడు, అది ఆడవాళ్ల జబ్బు కదా అని. బీఆర్‌సీఏ2 జన్యువులో లోపం ఉంటే కూతురికే కాదు, కొడుక్కీ ముప్పే, అతనికి ప్రోస్టేట్ క్యాన్సర్ రావచ్చు. అలాగని అందరికీ పీఎస్ఏ పరీక్ష రాయను. ఎనభైకి దగ్గరపడిన తండ్రికి పీఎస్ఏ చేయించమని పట్టుబట్టిన కొడుకును వద్దని వెనక్కి పంపాను. డెబ్బై దాటాక ఏ లక్షణాలూ లేనివాళ్లకు ఆ పరీక్ష మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

నల్లజాతి అమెరికన్ మగవాళ్లలో ఆరుగురిలో ఒకరికి ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుంది. డెట్రాయిట్ రైడ్‌లో ఒక నల్లజాతి పెద్దాయన బండికి ఆనుకుని నిలబడి, తన తండ్రికీ ఇద్దరు బాబాయిలకూ ఏ వయసులో వచ్చిందో, తనకెప్పుడు దొరికిందో పక్కనున్న కుర్రాళ్లకు మామూలుగా చెబుతున్నాడు. విరాళాల కన్నా నాకు ఆ మాటలే విలువైనవిగా తోచాయి.

విరాళాలూ వృథా కావు. నా స్నేహితుడికి రెండేళ్ల ఆయుష్షు ఇచ్చిన హార్మోన్ చికిత్స పరిశోధన నుంచి వచ్చిందే. 1941లో దానికి దారి చూపి, 1966లో నోబెల్ అందుకున్న చార్లెస్ హగిన్స్ సర్జరీ నేర్చుకున్నది మాకు అరగంట దూరంలోని ఆన్ ఆర్బర్‌లోనే. ప్రోస్టేట్ క్యాన్సర్లలో దాదాపు సగంలో రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటాయని 2005లో కనిపెట్టిన అరుళ్ చిన్నయ్యన్ బృందమూ అక్కడిదే.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో, అక్కనో, మేనత్తనో అడగండి: నాన్నకు, తాతకు, పెదనాన్నలకు ఏ జబ్బు, ఏ వయసులో? పాత రిపోర్టులుంటే ఫొటోలు తీయించుకోండి. తండ్రికో సోదరుడికో 65 లోపు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే 45 ఏళ్లకే, లేకుంటే 50కి, మీ డాక్టరుతో పీఎస్ఏ గురించి మాట్లాడండి. మీ కొడుకుల దగ్గర మాత్రం మీ జబ్బులు దాచకండి.