పోగు తెగితే ఆగే యంత్రం

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. అప్పటినుంచి మా అన్నదమ్ములిద్దరికీ చుట్టాల ఫోన్లు ఆగడం లేదు. షోలాపూర్ నుంచి, సూరత్ నుంచి, ఒకరిద్దరు న్యూజెర్సీ నుంచి కూడా. "అన్నా, మంచిగ నడుస్తున్న కంప్యూటర్, ఇగ భంగార్ల ఏసుడేనా?" అందరిదీ ఇదే ప్రశ్న. పద్మనగర్‌లో నాలుగైదు గాలాల లెక్కల కంప్యూటర్లు మేమే చూస్తుంటాం కాబట్టి ఖాందాన్‌లో మాకు "కంప్యూటరోళ్ళు" అనే పేరు పడిపోయింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడ రాసిపెడితే మేలనుకున్నాం. దీంతోపాటే బాపు రాయించిన పేజీల సంగతి కూడా. ఎందుకంటే మా ఇంట్లో పాత కంప్యూటర్ మాట ఎత్తితే అది చివరికి ఆ పేజీల దగ్గరికే పోతుంది.

ముందు ఫోన్ల ప్రశ్నకు జవాబు. భంగార్‌లో వేయకండి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. ఆ ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అంటే అంతకు ముందు కొన్నవి, అవి ఎంత బాగా నడుస్తున్నా, లెక్కలో లేనట్టే. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తెచ్చుకునే దారి ఒకటి ఉంది, అది ఏడాది వాయిదా మాత్రమే. మేము చేస్తున్నది వేరు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టి, లినక్స్ ఎక్కిస్తున్నాం. బిల్లు రాయడానికి, ఈ-వే బిల్లు తీయడానికి, పిల్లల చదువుకి అది చాలు. 2014 నాటి మెషిన్ కూడా గాలాలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నడుస్తోంది.

కొత్తది కొందామనుకునేవాళ్ళు ఒకసారి ర్యామ్ ధర అడిగి చూడండి. మెమరీ చిప్పులు ప్రపంచంలో ఎక్కువ భాగం చేసేది మూడే కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లు అడిగే మెమరీ మీద లాభం ఎక్కువ, వాళ్ళ చూపంతా అటే. 2025 చివరికి మామూలు ర్యామ్ ధర విపరీతంగా పెరిగింది. డిసెంబరు 3న మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు చిల్లర వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో ఎవరో అడిగిన ప్రశ్నకు ఏఐ జవాబు చెప్పాలని, మనం ఆటోలో కల్యాణ్ పోయి, లోకల్ ఎక్కి గ్రాంట్ రోడ్ దిగి, లామింగ్టన్ రోడ్డులో ఒక ర్యామ్ స్టిక్ కోసం బేరమాడాల్సి వస్తోంది. దూరపు ధర మన గల్లీలోకి రావడం భీవండి వాళ్ళకి కొత్త కాదనుకోండి, నూలు ధర ఎప్పుడూ అట్లాగే వచ్చింది.

అట్లాగని లినక్స్ వాళ్ళు పాతవాటిని ఎప్పటికీ మోస్తారని కాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, పాత 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. మా బాపు పేజీలున్న మెషిన్ అట్లాంటిదే.

యంత్రం పాతబడటం అంటే ఏంటో మా ఇంట్లో సాంచెల దగ్గరే నేర్చుకున్నాం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. మిల్లులు మూతబడ్డాక ఆ పని చాలా వరకు భీవండి లాంటి ఊళ్ళకు పారింది. మా బాపు అప్పటికి ఇంకొకరి కార్ఖానాలో కూలీ. తర్వాత చేతికొచ్చిన మొదటి రెండు సాంచెలూ సెకండ్‌హ్యాండువే. వాటి వయసు ఎంతో మాకెవరికీ తెలీదు, మా కంటే పెద్దవి అని మాత్రం చెప్పగలం. పట్టీ తెగితే పట్టీ, పికింగ్ స్టిక్ విరిగితే స్టిక్, మోటారు కాలితే వైండింగ్. ప్రతి ముక్కా గల్లీ చివర దొరికేది, ప్రతి ముక్కా జాబర్ విప్పి చూడగలిగేవాడు. విప్పి చూడగలిగినంత కాలం అది పాతది కాలేదు.

మగ్గంలోంచే కంప్యూటర్ పుట్టిందని పిల్లలకి బడిలో చెబుతున్నారు. 1804 నాటి జకార్డు మగ్గం చిల్లుల అట్టలు చూసి బాబేజ్ తన యంత్రానికి అట్లాంటివే అనుకున్నాడు, 1890 అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ చిల్లుల కార్డులే వాడాడు. నిజమే. కానీ మా కార్ఖానాలో జకార్డు ఏనాడూ లేదు, నేసింది సాదా గ్రే గుడ్డ. మాకు కంప్యూటర్‌ని గుర్తుచేసే భాగం వేరే ఉంది, డ్రాప్ పిన్ను.

తెలియని వాళ్ళ కోసం చెప్తాం. పడుగులో ప్రతి పోగు మీదా ఒక సన్నటి లోహపు పత్తి వేలాడుతుంటుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపు అది పైనే ఉంటుంది. పోగు తెగిందా, పత్తి జారి కిందున్న పట్టీకి తగులుతుంది, కరెంటు కలుస్తుంది, సాంచె ఆగిపోతుంది. ఉంది లేదా లేదు, అంతే దాని తెలివి. ఆ సదుపాయం లేని సాదా సాంచె మాత్రం పోగు తెగినా నేస్తూనే పోతుంది. గుడ్డ పొడవునా ఒక గీత పడుతుంది, దూరం నుంచి చూస్తే కనబడదు. తాకా మడత పెట్టేటప్పుడో, సేఠ్ వెలుతురుకి ఎత్తి చూసినప్పుడో బయటపడి కూలీ డబ్బులు కోసేవారు. అందుకే సాదా సాంచెల మీద పనిచేసినవాళ్ళ కళ్ళు అట్లా పాడయ్యేవి, చూపు పడుగు మీంచి తిప్పనిచ్చేది కాదు.

2017 ఏప్రిల్ 1న కేంద్రం పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని మన భీవండిలోనే మొదలుపెట్టింది. పాత సాదా సాంచెను తీసేయకుండానే దానికి పడుగు తెగితే ఆపేది, పేక తెగితే ఆపేది, ఇట్లాంటివి అమర్చుకుంటే ఖర్చులో ఒక పరిమితి వరకు సగం సబ్సిడీ, ఎస్సీలకు 75 శాతం, ఎస్టీలకు 90 శాతం. పాత హార్డ్‌వేర్‌ని పారేయకుండా దానికి ఆగడం నేర్పే పథకం అన్నమాట. ఆలోచన మాకు ఇప్పటికీ నచ్చుతుంది. కానీ అది వచ్చేసరికి 2016 నవంబరు 8 నోట్ల రద్దు గడిచి అయిదు నెలలు కాలేదు. హప్తా నగదు ఇవ్వలేక చాలా కార్ఖానాలు బంద్ పెట్టాయి. జులైలో జీఎస్టీ వచ్చింది. మా పదహారు సాంచెల్లో పన్నెండు తర్వాతి మూడేళ్ళలో కిలోల లెక్కన తూకానికి పోయాయి. మా గాలా ఇప్పుడు గోడౌన్. నాసిక్ హైవే పొడవునా ఉన్న గోదాముల్లో కొత్త ల్యాప్‌టాప్‌లు దిగుతుంటాయి, అదే రోడ్డు మీద పాత సాంచెలు లారీల్లో పోతుంటాయి.

బాపు 2011లో పోయారు. 2003లో ఆయన చెప్పగా గల్లీలో పెళ్ళి కార్డులు కంపోజ్ చేసే డీటీపీ కుర్రాడు 62 పేజీలు టైపు చేశాడు. కరీంనగర్ జిల్లాలోని మా ఊరు, తాత చేతి మగ్గం, మా గోత్రం, ఎవరు ఎవరి వెంట బొంబాయి బండెక్కారు, బిస్సీలో నెలకెంత కట్టి తిన్నారు, ఏ కార్ఖానాలో ఎన్ని సాంచెలు, ఎవరికి చెయ్యి పట్టీలో పడింది, అన్నీ అందులోనే. పదిహేను జిరాక్సులు తీసి పంచాలనుకున్నారు, కాగితాలు ట్రంకు పెట్టెలో పెట్టారు. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజే 944 మిల్లీమీటర్ల వాన పడ్డ సంగతి అందరికీ గుర్తే. ఆ రోజు భీవండి కూడా మునిగింది, మా ఇంట్లో నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కాగితాలు ముద్దయిపోయాయి. అటక మీదున్న కంప్యూటర్ మిగిలింది. పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్, విండోస్ 98.

ఫైలు కాపీ చేసుకుంటే సరిపోయేది కదా అంటారు. కాపీలు నాలుగు చోట్ల ఉన్నాయి. కానీ తెరిస్తే తెలుగు రాదు. అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టేవి. ఒక ఫాంటులో 256 గదులే, వాటిల్లోనే తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వొత్తు ఒకచోట సర్దాలి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది బాపు మాట, లేనిచోట గుర్తులూ చుక్కలూ. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది, కానీ పెళ్ళి కార్డుల దుకాణం దాకా అదంతా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికాలోని మన వాళ్ళు అదృష్టవంతులు అనిపిస్తుంది ఒక్కోసారి. 90లలో రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిషోర్ గారు చేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకున్నారు. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ ఆ ఫైళ్ళు ఈరోజు ఏ ఫోన్లో తెరిచినా చదవొచ్చు.

పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జున వెన్న గారి "పద్మ" అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఉండేది, పాత పేపర్ల వెబ్‌సైట్లు దాంతోనే చదివేవాళ్ళం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నీ ఒక్కసారి ఆపేసింది, పద్మ ఆ తరహాదే. ఇక మేమే ఒక పట్టిక తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఈ గుర్తుకి ఈ అక్షరం అని రాసుకుంటూ పోవడమే. ఎక్కువ ఏడిపించింది క్రారవడి. పాత ఫాంటులో అది అక్షరానికి ముందు వస్తుంది, యూనికోడ్‌లో తర్వాత రావాలి. "క్రమం" అనే మాట సరిగ్గా రావడానికి ఒక ఆదివారం పట్టింది. సరిచూసుకోవడానికి ఆ పాత మెషిన్ తెర తప్ప వేరే ఆధారం లేదు, అందుకే దాన్ని బతికిస్తున్నాం. బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు ఆరింటిని మార్చింది మా సాంచెల మోటార్లకి వైండింగ్ చేసిన అన్ననే. "ఇది మోటరు కన్న అలకనే" అన్నాడు, చాయ్ డబ్బులు తప్ప తీసుకోలేదు.

మధ్యలో ఇంట్లో పిల్లలు ఇంత తిప్పలు ఎందుకన్నారు. పాత తెరని ఫోటో తీసి ఏఐకి ఇస్తే నిమిషంలో తెలుగు వచ్చేస్తుంది కదా అని. ఇచ్చాం. నిజంగానే నిమిషంలో వచ్చింది, ఒక్క అచ్చుతప్పు కనబడని తెలుగు. నెమ్మదిగా చదివితే "ఎనిమిది సాంచెలు" ఉన్నచోట "ఎనిమిది సంచులు". "నాడె తగిలి" అన్నది "నాడు తగిలి". మా నానమ్మ రాత్రిళ్ళు కండెలు చుట్టేదని బాపు చెప్తే, కండలు చుట్టేదని వచ్చింది. దీనికి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. ఒకచోట బాపు చెప్పిన మనిషి ఇంటిపేరే మారిపోయి, ఎక్కువమందికి తెలిసిన ఇంకో ఇంటిపేరు వచ్చి కూర్చుంది. వాక్యం చక్కగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. పాత తెర మాకు లేకపోతే అది తప్పని మాకెట్లా తెలిసేది? ఇంకో ఇరవై ఏళ్ళకి మా పిల్లల పిల్లలు ఆ పేరే నిజమనుకునేవారు.

మేము ఏఐకి వ్యతిరేకం కాదు. కంప్యూటర్‌లో కొత్తది ఏది వచ్చినా మొదటి వారంలో పెట్టి చూసే జాతి మాది. ఉత్తరాలు రాయడానికి, మరాఠీ నోటీసులు అర్థం చేసుకోవడానికి రోజూ వాడుతున్నాం. కానీ దానికి డ్రాప్ పిన్ను లేదు. సాంచె అనే మాట దానికి ఎక్కువ తగిలి ఉండదు. తెలియని మాట దగ్గర ఆగి "ఇది నాకు తెలీదు" అంటే మేము వచ్చి పోగు ముడేసేవాళ్ళం. అది ఆగకుండా దగ్గర్లో ఉన్న మాట పెట్టి నేసుకుంటూ పోయింది. మా పట్టిక చాలా మొద్దుది, దానికి తెలుగు అసలే రాదు. పట్టికలో లేని గుర్తు వస్తే మాత్రం ప్రోగ్రాం అక్కడే ఆగి, ఫలానా పేజీ, ఫలానా వరస అని చూపిస్తుంది. అట్లా రాసింది మేమే, సాంచెల ఇంట్లో పెరిగినందుకేమో. నేత తెలిసిన ఊళ్ళ మాటలు, సిరిసిల్లవీ మన భీవండివీ, ఇంటర్నెట్‌లో చాలా తక్కువ. తక్కువ ఉన్నచోటే ఈ పని జాగ్రత్తగా చేయాలి.

62 పేజీల్లో ఇప్పటికి 47 అయ్యాయి, ప్రతి పేజీ పాత తెర పక్కన పెట్టుకుని ఇద్దరం చదివి చూశాం. అయిన పేజీలు కావాలంటే అడగండి, పంపుతాం. మీ ఇళ్ళల్లో కూడా అప్పటి డీటీపీ ఫైళ్ళు, సంఘం సావనీర్లు, పెళ్ళి కార్డుల సీడీలు ఉంటే కంప్యూటర్ పారేసే ముందు ఒకసారి చూడండి. ఫైలుతో పాటు ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చేసుకోండి, అది లేకపోతే ఫైలు ఉండీ లాభం లేదు.

ఒక సాయం కావాలి. 41వ పేజీలో, చలికాలం పొద్దున నూలు బిరుసెక్కితే చేసే పని గురించి బాపు ఒక మాట వాడారు. తెర మీద "గంజి" తర్వాత రెండు అక్షరాలు కనబడుతున్నాయి, రెండోదానికి వొత్తు ఉందో లేదో ఆ మెషిన్ మీద కూడా తేలడం లేదు. మా అత్త ఒక మాట అంటోంది, షోలాపూర్ పెదనాన్న ఇంకో మాట అంటున్నారు. సిరిసిల్ల వైపు పాత నేత మాటలు తెలిసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే అడిగి చెప్పండి. ప్రోగ్రాం ప్రస్తుతం అక్కడ ఆగి ఉంది.