హాష్ టేబుల్ కాదు, హాష్!

మన వృత్తిలో హాష్ అంటే హాష్ టేబులే కదా. ఆ మాట వంటింట్లోంచి వచ్చిందని నాకూ ఈమధ్యే తెలిసింది. ఫ్రెంచిలో 'అషే' అంటే తరగడమట. కూరగాయల్ని చిన్న ముక్కలు చేసి, కలిపి పెనం మీద వేయిస్తే అదే హాష్.

ఈ వంట జోలికెందుకు వెళ్ళానంటారా? రెండు నెలల క్రితం రక్తపరీక్షలో ఏ1సి 5.9 వచ్చింది. ఇక్కడ అమెరికాలో 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరుకి ముందు మెట్టంటారు. నాకింకా 28 నిండలేదు! రాత్రి పదింటికి ఆవకాయతో కంచం నిండా అన్నం లాగించి, మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్న ఫలితం. నాన్నకి పదేళ్ళుగా షుగరు. అందుకే ఇంట్లో చెప్పలేదు. అమ్మ ఫోన్లో "ఏం తిన్నావురా?" అంటే, "పప్పు, కూర" అని బొంకడమే.

సరే, కాయ సంగతికొద్దాం. బటర్‌నట్‌ని వింటర్ స్క్వాష్ అంటారు గానీ అది చలికాలంలో కాయదు. చలి ముదరకముందే కోసేస్తారు, గట్టి తోలు వల్ల నెలల తరబడి నిలవుంటుంది. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం దాదాపు 28 గ్రాములుంటే, ఈ పచ్చి ముక్కల్లో 12.

మొదటిసారి కూర చేసినట్టే నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, నిమిషానికోసారి కలిపాను. ముద్దయి కూర్చుంది. తర్వాత తెలిసొచ్చిన పద్ధతి ఇదీ. కాయని ఫోర్కుతో అక్కడక్కడా గుచ్చి మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే తోలు మెత్తబడుతుంది. చెక్కు తీసి అరంగుళం ముక్కలు కోయాలి. వెడల్పాటి పెనంలో రెండు చెంచాల నూనె వేసి, ఒకే వరుసగా పరిచి, ఐదు నిమిషాలు ముట్టుకోకూడదు. ఒకదానిమీదొకటి పడితే ఆవిరికి ఉడుకుతాయే తప్ప వేగవు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, ఉల్లిపాయ, క్యాప్సికమ్ వేసి ఇంకో పది నిమిషాలు. చివర్లో గుప్పెడు పాలకూర, ఉప్పు, మిరియాలపొడి. పైన గుడ్డొకటి కొట్టి మూతపెడితే భోజనం సిద్ధం.

మొన్న ఆదివారం నాన్నకి రిపోర్టు సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ కాయ మనకి దొరుకుతుందా?" అన్నారు.

"మన తీపి గుమ్మడి జాతేలే నాన్నా. కాకపోతే అన్నంలోకి కాదు, అన్నానికి బదులు."

"అదేరా కష్టం!" అని నవ్వారు.

వచ్చే నెల ఇద్దరం పరీక్ష చేయించుకోవాలని ఒప్పందం. ఎంత వచ్చినా దాచకూడదన్నది షరతు.