వెలుపలికి తెరచుకొను తలుపు

మా ఇంటి వెనుక తలుపును తిప్పి పెట్టించిన సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ తలుపు మొదట మాది కాదు. 1981లో శ్రీశైలం జలాశయములో నీళ్ళు నిలిచినప్పుడు కృష్ణ ఒడ్డున ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్ళెన్నో మునిగిపోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురములో తిరిగి కట్టారు. పేదల ఇండ్లకు ఆ భాగ్యము లేదు. దూలాలు, తలుపులు విప్పుకొని బండ్ల మీద వేసుకొని పోయినవారున్నారు, అమ్ముకున్నవారున్నారు. అట్లా ఒకరు అమ్మిన టేకు తలుపును దర్వాజతో సహా మా నాయన కొని, మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనుక అర్రకు పెట్టించాడు. అది లోపలికి తెరచుకునేది. ఇన్నేండ్లూ దానిలో తప్పేమీ మాకు కనబడలేదు.

పోయిన చలికాలము ఒక తెల్లవారుజామున ఆ అర్రలో నుండి అమ్మ మూలుగు వినబడింది. బయటికి రావాలని గడియ తీసి, కండ్లు తిరిగి, తలుపుకు అడ్డముగా పడిపోయింది. ఆ అర్రకు అదొక్కటే తలుపు. కిటికీకి ఇనుప చువ్వలు. నేను భుజము పెట్టి నెట్టాను. “కొడుకా, నెట్టకు! చెయ్యి నలుగుతున్నది” అని అమ్మ అరిచింది. బందులు విప్పుదామంటే అవి లోపలి వైపున్నవి. నా బలమంతా నా తల్లి మీదనే పడుతున్నదని తెలిసి చేతులు వణికినవి.

గోడకు అవతల నా తమ్ముడుంటాడు. పెరటి జాగా విషయమై రెండేండ్లుగా మాకు మాటలు లేవు. ఆ అరుపు విని అతని ఏడేండ్ల మనుమరాలు పరుగెత్తి వచ్చింది. తలుపు జానెడే తెరచుకున్నది. ఆ పిల్ల పక్కకు తిరిగి ఆ సందులో నుండి దూరింది. “అవ్వా, కాళ్ళు ముడువు” అని చెప్పి మెల్లగా జరిపింది. అప్పుడు నేను లోపలికి పోగలిగాను. మణికట్టు ఎముక విరిగింది గాని ప్రాణము దక్కింది. దేవునికి స్తోత్రము.

వడ్లాయనను పిలిపించాను. ఆయన దర్వాజ తడిమి చూసి, “మట్టిగోడ సారూ, దర్వాజ పీకితే గోడే కూలుతది. బయటి అంచు చెక్కేసి, లోపల పట్టీ కొడత. రెక్కను వెనుక ముందు చేసి అటు పక్క నిలబెడితే దాని బందుల గాట్లు అట్లనే పనికొస్తయి. గడియ ఒక్కటే బయటికి పోతది, దాన్ని మళ్ళా లోపలికి మారుస్త” అన్నాడు. దర్వాజలోని పాత గాట్లలో టేకు ముక్కలు అతికించాడు. బందులు ఇప్పుడు బయట కనబడతాయి గనుక, దొంగలు సీల ఊడదీయకుండా దాని కొనలు సుత్తితో మడిచాడు. గాలికి కొట్టుకోకుండా గోడకొక కొక్కెము పెట్టాడు.

లోపలికి తెరచుకునే తలుపు ఎంత ప్రమాదమో లోకము ఎప్పుడో చూసింది. 1883లో ఇంగ్లాండులోని సండర్లాండ్ పట్టణములో, విక్టోరియా హాలు మెట్ల కింద అటువంటి తలుపు, ఒక్కొక్క బిడ్డ మాత్రమే పోగల సందుంచి గడియ వేసి ఉన్నది. బహుమతుల కోసము పిల్లలు ఒక్కసారిగా దిగివచ్చి, ఒకరిమీద ఒకరు పడి 183 మంది చనిపోయారు. క్రిస్మస్ రాత్రి కిక్కిరిసే మన మందిరముల తలుపులు ఎటు తెరచుకుంటవో సంఘ పెద్దలు ఒకసారి చూడవలెనని నా మనవి.

పని జరుగుతుండగా తమ్ముడు వచ్చి, ఎవరూ పిలువకనే రెక్కను ఒక పక్క పట్టుకొని నిలబడ్డాడు. రెండేండ్లుగా నేను అతనిని నెడుతూనే ఉన్నాను. పెద్దమనుషులను పంపాను, వాక్యములు చూపాను, ప్రార్థనలో అతని పేరెత్తి అందరి ముందు బాధపడ్డాను. అతడు లోపల ఏ దెబ్బ తగిలి పడి ఉన్నాడో అడుగలేదు. ప్రకటన గ్రంథము 3:20లో మన ప్రభువు తలుపు నొద్ద నిలిచి తట్టుచున్నాడు, నెట్టుటలేదు.

వెలుపలికి వచ్చే తలుపును తెరవాలంటే బయట ఉన్నవాడు ఒక అడుగు వెనుకకు వేయాలి. “తమ్మీ, పెరటి కొలత నువ్వే చెప్పు, నేను వింట” అన్నాను. అతడు వెంటనే ఏమీ అనలేదు. బందు ఆఖరి స్క్రూ బిగించిన తరువాత, “అన్నా, ముందు చాయ తాగుదాం పద” అన్నాడు.

జాగా లెక్క ఇంకా తేలలేదు. కాని సాయంకాలమైతే అమ్మ ఆ తలుపు తెరచి పెట్టుకొని కూర్చుంటుంది. ఇద్దరము చెరొక పక్క కూర్చుంటాము. మీ ఇంటిలోను ఎవరైనా తలుపు వెనుక పడి ఉంటే, నెట్టుట ఆపి ఒక అడుగు వెనుకకు వేయుడి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.